వడ్రంగి మాట, వదినగారి గొంతు

ఉన్నది ఒక్క తమ్ముడే అయినా ఆవిడ ఊళ్లో సగం మందికి వదిన. వెంట తిరిగే మరదలు "వదినా, వదినా" అని పిలవగా పిలవగా ఆస్పత్రి నర్సులకూ కోర్టు గుమాస్తాలకూ అదే నోటికి పట్టింది. వదినగారిది దుబాసీ పని. వినపడనివాళ్ల సైగల్ని మాటల్లోకి, వినపడేవాళ్ల మాటల్ని సైగల్లోకి మార్చాలి. ఈ పనికో కట్టుబాటుంది. ఎవరి మాట చెబుతుంటే వాళ్లే అయిపోయి "నేను" అనాలి, సొంత మాట ఒక్కటీ కలపకూడదు. అంత వాగుడుకాయ ఈ నియమానికి ఎలా లొంగిందో తమ్ముడికి ఇప్పటికీ అర్థం కాదు.

కొత్తవాళ్లు ఈ పనిలో నిలవడం లేదు. మొదటిరోజే ఒంటరిగా కోర్టుకు తోలతారు, తడబడితే చివాట్లు పెడతారు, ఏడాది తిరక్కుండా వాళ్లు ఓ దండం పెట్టి వెళ్లిపోతారు. అందుకే ఆవిడ గ్రాంట్లిచ్చే కమిటీకి దరఖాస్తు పెట్టింది. కొత్తమనిషిని పాతమనిషి పక్కన ఏడాదిపాటు కూర్చోబెట్టి నేర్పించాలి, మానేసినవాళ్లు ఎందుకు మానేశారో పరిశోధించాలి. రెండుసార్లు మొండిచెయ్యి చూపించారు. ఈసారీ రాకపోతే తన దగ్గర పని నేర్చుకుంటున్న మరదలు బట్టలకొట్లో చేరిపోతుంది. జీతం లేకుండా ఎన్నాళ్లని నేర్చుకుంటుంది పాపం? ఇంత బాగా పని పట్టుబడ్డ మనిషి చెయ్యి జారిపోతుందని వదినగారి బెంగ.

కమిటీ అధ్యక్షుడు కాగితాలు తిరగేసి, చేతులు ఊపడానికి పరిశోధన దేనికన్నాడు. దుబాసీల కొరత ఉందనడానికి రుజువేదన్నాడు. ఆవిడ చెబుతుంటే గడియారం చూసుకున్నాడు.

ఆవిడ ఉసూరుమంటూ బయటికొచ్చేసరికి తర్వాతి వంతు ఒక వడ్రంగిది. ఆయనకు వినపడదు. పనిముట్ల కోసం గ్రాంటు అడుగుతున్నాడు. ఆయనకు దుబాసీని పెట్టాలన్న సంగతి ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. ఎలాగూ ఉన్నారు కదా, కాస్త సాయం పట్టండని గుమాస్తా బతిమాలాడు. తన దరఖాస్తు ఇంకా లోపలే ఉండగా వెళ్లడం సబబు కాదని ఆవిడకు తెలుసు. కానీ వడ్రంగి పొద్దుటి నుంచీ కూర్చున్నాడు. వెళ్లింది.

నిరుడు పిలిస్తే ఎందుకు రాలేదని అధ్యక్షుడు వడ్రంగిని అడిగాడు. వడ్రంగి చేతులు కదిలాయి. వదినగారు ఆయన మాట చెప్పింది.

"నాకు దుబాసీ దొరకలేదు. వచ్చే అమ్మాయి పని మానేసింది. కొత్తవాళ్లెవరూ నిలవడం లేదు."

అధ్యక్షుడు పెన్ను కింద పెట్టి నవ్వాడు. "అమ్మా, మీ గొడవ మధ్యలో తేవద్దు. ఆయన చెప్పింది మాత్రం చెప్పండి."

వదినగారికి ఒళ్లు మండిపోయింది. అడిగిన రుజువు ఎదురుగా కుర్చీలో కూర్చునుంటే ఇదా మాట! నాలుగు దులిపేద్దామనుకుంది. కానీ అది వడ్రంగి వంతు. పళ్లు బిగబట్టి ఆ మాటల్నే సైగల్లో ఆయనకు చెప్పింది. వడ్రంగి మొహం ఎర్రబడింది, చేతులు విసురుగా లేచాయి.

"అది నా గొడవే. నిరుడు రాలేకపోయింది నేను," అంది ఆవిడ, ఆయన తరఫున.

సరే సరే అంటూ అధ్యక్షుడు పనిముట్ల సంగతిలోకి దిగాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

సాయంత్రం ఫలితాలు గోడకు అతికించారు. వడ్రంగికి వచ్చింది. వదినగారికి రాలేదు, కొరతకు రుజువు లేదట. మరదలు ఆ కాగితం చదివి, రేపటి నుంచి కొట్టుకు వెళ్తానని మెల్లగా చెప్పింది.

అంతలో గుమాస్తా పరుగున వచ్చాడు. వడ్రంగి ఇకమీదట నెలనెలా కమిటీకి పని చూపించాలట, దుబాసీగా వదినగారే రావాలట. "నాకు ఇంకెవరూ దొరకడం లేదండీ," అన్నాడు.

ఆవిడకు ఏడుపూ కోపమూ కలిసి నోటిదాకా వచ్చాయి. పక్కనే వడ్రంగి, గుమాస్తా ఏమన్నాడో తెలియక, ఆవిడ చేతులకేసి చూస్తున్నాడు. వదినగారు సంచి కింద పెట్టి గుమాస్తా మాటే సైగల్లో చెప్పింది: "నాకు ఇంకెవరూ దొరకడం లేదు."