రంగు వేయని చెర్రీ మంచం

మా వీధిలో మా మామగారి పేరు ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన రంగులాయనే. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊళ్లోవాళ్ల గోడలకీ తలుపులకీ రంగులేశారు, పని లేని రోజు మా ఇంటి మీద పడేవారు. మా ముక్కాలిపీట నీలం, మెట్ల కమ్మి ఆకుపచ్చ, పాత రేడియో ఎరుపు. "ఆయన చేతిలో బ్రష్షుంటే ఒకేచోట కూర్చోకండి, మీకూ ఒక పూత వేసేస్తారు" అని అత్తయ్య ఇంటికొచ్చినవాళ్లని హెచ్చరిస్తుంది.

నాకు ఏడో నెల రాగానే బిడ్డ గదికి సామాను కొనాలనుకున్నాం. ఆ గదిలో ఒక్క వస్తువు మీదా రంగు పడకూడదని నేను ముందే నిశ్చయించుకున్నాను. చెక్క చెక్కలా ఉండాలి. ఆ మాటే మావారితో అంటే, "నాన్నతో నువ్వే చెప్పు" అని మెల్లగా జారుకున్నారు. బయట పులి, తండ్రి ముందు పిల్లి.

కొట్లో మామయ్య అందరికన్నా ముందు నడిచి, కనిపించిన ప్రతి మంచాన్నీ గోటితో గీకి చూశారు. తళతళలాడే ఒక తెల్ల మంచాన్ని, "లోపల రంపంపొట్టు, పైన పటాటోపం" అని కొట్టిపారేశారు. కిటికీ పక్కన చెర్రీ చెక్క మంచం ఉంది, దానికి జతగా సొరుగుల బల్ల, ఊగే కుర్చీ. ఊచలు నున్నగా ఉన్నాయి, మూలలు గుండ్రంగా ఉన్నాయి, చెక్క మంచి ఎర్రమట్టి రంగులో ఉంది. నేను కుర్చీలో కూర్చున్నాను. ఇక లేవబుద్ధి కాలేదు.

"ఏం రంగేశావయ్యా దీనికి?" అని మామయ్య కొట్టాయన్ని అడిగారు.

"రంగు లేదండీ, నూనె పట్టించామంతే. చెర్రీ కొత్తలో పాలిపోయి ఉంటుంది. వెలుతురు తగిలేకొద్దీ ఎర్రబడుతుంది."

"దానంతటదే రంగొస్తే ఇంక మేమెందుకు?" అని మామయ్య నవ్వారు. ఒక్క ముక్కా నమ్మలేదని ఆ నవ్వులోనే తెలిసింది.

వారానికి సామాను ఇంటికొచ్చింది. కట్లు విప్పితే మంచం నిజంగానే పాలిపోయి ఉంది.

"చూశావా అమ్మాయ్, ఎర్రది చూపించి తెల్లది అంటగట్టాడు. ఒక్క పూత వేస్తా, పిల్లలకి పనికొచ్చే రకమే."

"వద్దు మామయ్యా."

"వాసన కూడా రాదు."

"వద్దన్నానుగా." నా గొంతు నాకే కటువుగా వినిపించింది. ఆయన బయటికెళ్లిపోయారు.

ఆ సాయంత్రం అత్తయ్య బట్టలు మడతపెడుతూ చెప్పింది. "మీ ఆయన పుట్టినప్పుడు ఎవరో పారేసిన మంచం ఎత్తుకొచ్చారు. దాన్ని గీకి, పసుపు రంగేసి, మీద పిట్టలు వేశారు. ఈ బిడ్డకీ తన చేత్తో ఏదో ఒకటి చేయాలని ఆయన ఆశ. ఆయనకి వచ్చింది అదొక్కటే మరి."

నాకు జాలేసింది. అయినా ఆ చెక్క మీద రంగు పూయనివ్వడానికి మనసొప్పలేదు. నేను పట్టిన కుందేలుకూ మూడే కాళ్లు.

మర్నాడు చూస్తే మామయ్య మంచం తలవైపు పలక మీద, గోడలకి రంగేసేటప్పుడు అంచులకి అతికించే కాగితం టేపు ఒక ముక్క అంటిస్తున్నారు.

"కొట్టాయన మాట నిజమో కాదో తేలిపోతుంది. టేపు కింద, పక్కన ఒకేలా ఉంటే నేను రంగేస్తా. సరేనా?"

సరేనన్నాను. మనిషి నిజాయితీపరుడు, మంచాన్ని తనే కిటికీ దగ్గరికి జరిపారు. కొన్ని వారాల తరవాత టేపు తీశారు. చుట్టూ చెక్క ఎర్రబడింది, టేపు కింద తెల్లటి పట్టీ మిగిలింది.

"నీదే గెలుపు" అని టేపు ముక్కని ఉండ చుట్టుకుంటూ వెళ్లిపోయారు. గెలిచినందుకు నాకేమీ సంతోషం కలగలేదు.

రెండు రోజులకి బిడ్డ గదిలో కత్తెర చప్పుడు వినిపించి వెళ్లాను. మామయ్య నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, టేపుని ఏవో ఆకారాలుగా కత్తిరించి మంచం కాళ్లవైపు పలకకి అతికిస్తున్నారు. నన్ను చూసి తప్పు చేసి దొరికినవాడిలా కత్తెర పక్కన పెట్టారు.

"రంగు వేయట్లేదమ్మాయ్. అతికిస్తున్నానంతే."

"కిటికీ పరదా పూర్తిగా తీయండి మామయ్యా, ఎండ బాగా పడుతుంది" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

పాపని ఇంటికి తెచ్చిన రోజున ఆయన మా అందరి ముందూ ఒక్కో టేపు ముక్కా గోటితో లేపారు. ఎర్రటి చెక్క మీద తెల్లటి పిట్టలు బయటపడ్డాయి. చుక్క రంగు లేదు. మావారు పాపని ఎత్తుకుని దగ్గరికి వంగి చూశారు.

"ఇవి నా పిట్టలు కదా నాన్నా" అన్నారు. మామయ్య తలూపారు.

ఆ మధ్య కొట్టాయన్ని అడిగితే, టేపు తీసేశాక ఆ తెల్లదనం కూడా మెల్లమెల్లగా ఎర్రబడి కలిసిపోతుందన్నాడు. మామయ్య నొచ్చుకుంటారేమోనని కొన్నాళ్లు దాచి, చివరికి చెప్పేశాను.

"పోనీలే అమ్మాయ్, అప్పటికి దీనికి మాటలొస్తాయి" అన్నారు పాప పాదం పట్టుకుని. "ఈసారి ఏ బొమ్మ కావాలో ఇదే చెబుతుంది."