నాలుగు తీరాల నత్త

మా పిన్ని మ్యూజియంలో గవ్వల గదికి అటెండరు. సొరుగులు తుడవడం, పురుగు చేరకుండా చూడడం, చీటీలు రాయడం, ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. నిజానికి చీటీల మాట ఆమె ఉద్యోగపత్రంలో లేదు. డైరెక్టరుగారి రాత కోడి కెలికినట్టుంటుంది గనక, ఆయన చెబుతుంటే ఈమె ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేది. పదో తరగతి చదివిన మనిషికి అంతకన్నా గౌరవం దేనికనుకున్నారో ఏమో, ఆ గదిలో ఆమెకంటూ ఒక కుర్చీ కూడా వెయ్యలేదు.

ఆ సొరుగుల్లో బియ్యపు గింజంత సముద్రపు నత్త ఒకటుంది. రికార్డుల ప్రకారం అది నాలుగు తీరాల్లో బతుకుతుంది. పిన్ని లెక్కలో మాత్రం ఒక్కటే చోటు, మా ఊరి పాత లైట్‌హౌస్ కింద రాళ్ల మడుగు. మిగతా మూడు ఊళ్లకీ డైరెక్టరుగారు సెలవులకి వెళ్లి, దుకాణాల్లో గవ్వల దండలు కొని, వాటిని తెంపి, కొన్న ఊరి పేరే చీటీ మీద రాయించాడు. దండకి గుచ్చిన గవ్వ ఏ సముద్రానిదో అమ్మినవాడికే తెలియదు. ఆ నత్తలన్నిటికీ సూది బెజ్జాలున్నాయి! బెజ్జం పొడిపించుకుని ఏ నత్త పాకుతుంది?

"చెప్పానే ఆయనకి. నువ్వు తుడువమ్మా చాలు, అన్నాడు," అని పిన్ని నవ్వేసేది. నాకు ఒళ్లు మండేది.

పోయిన ఏడాది ఆ నవ్వు ఆగిపోయింది. మడుగు పూడ్చి పడవల రేవు కడతామన్నారు. మరి నత్త సంగతేమిటని ఎవరో అడిగితే, ఇంకో మూడు తీరాల్లో బోలెడున్నాయని డైరెక్టరుగారు సంతకం పెట్టి మరీ ఇచ్చాడు.

"ఇక్కడ పోతే ఇంకెక్కడా ఉండదే," అంది పిన్ని. ఆ రోజు అన్నం ముట్టలేదు.

రేవు మీద పెట్టిన విచారణ సభకి నన్ను తోడు తీసుకెళ్లింది. లేచి నిలబడి ఉన్నదంతా చెప్పింది. డైరెక్టరుగారు తాపీగా చీటీలు పైకెత్తాడు. "ఈ దస్తూరీ ఎవరిదో అడగండి. ఈవిడదే! అప్పుడు నిజమైంది ఇప్పుడు అబద్ధమైపోయిందా?"

సభంతా నవ్వింది. ఛీ, అదేం నవ్వు! ఇన్నేళ్లు నిలబెట్టి రాయించుకున్నవాడు ఆ రాతతోనే ఆమె నోరు నొక్కాడు.

మర్నాడు పొద్దున్నే పిన్ని గది తెరిచి, ఆ మూడు ఊళ్ల చీటీల మీదా ఊరి పేరు కొట్టేసి, 'దుకాణంలో కొన్న దండ. బెజ్జం చూడండి' అని రాసింది. కింద తారీఖు వేసి తన సంతకం పెట్టింది.

"రికార్డు దిద్దడానికి నువ్వెవరివి?" అని డైరెక్టరుగారు ఎగిరెగిరి పడ్డాడు.

"రాత నాదేనని మీరే చెప్పారు కద సార్. నా తప్పు నేను దిద్దుకున్నా."

ఆ మాట బయటికి పొక్కింది. ఇక అధికారులకి ఆ మూడు తీరాలూ వెతక్క తప్పలేదు. నలభై రోజులు గాలించినా ఒక్క నత్తా దొరకలేదు. రేవుని ఇంకోచోటికి మార్చారు. పిన్నినీ మార్చారు, గేటు దగ్గర సంచులు దాచే గదికి. రికార్డులు పాడుచేసిందట! ఇప్పుడు డైరెక్టరుగారు ఛాతీ విరుచుకుని, ఆ నత్తని తనే కాపాడానని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు.

"నీకు రోషం లేదా పిన్నీ? వెళ్లి నలుగురిలో కడిగెయ్!" అని అరిచాను.

పిన్ని ఎవరి సంచికో టోకెన్ కడుతోంది. "ఎక్కడుంటుందని చెబుతున్నాడేమిటి?"

"లైట్‌హౌస్ కింద మడుగులో."

"ఊఁ. ఇన్నాళ్లకి ఊరి పేరు సరిగ్గా చెబుతున్నాడు," అంటూ దారం తెగేంత గట్టిగా ముడి బిగించింది.