ప్యాడ్ పెట్టని జాకెట్టు

రెండు వేల ఇరవై మూడు, ఎండాకాలం. కదిరి బస్టాండు వెనక సందులో నా కుట్టు అంగడి. ముందర ఒక మిషను, వెనక జాకెట్టు వేసి చూసుకోవడానికి ఒక గుడ్డ తెర, అంతే. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆడవాళ్ళ జాకెట్లు కుడుతున్నాను. అక్షరాలు మాత్రం నలభై దాటాక వచ్చాయి. అంతవరకూ కొలతలు రాసుకునే దారి లేక ఆది జాకెట్ల మీదే బతికాను. ఆది జాకెట్టు అంటే, కొత్తది ఎలా ఉండాలో చెప్పడానికి ఇచ్చే పాత జాకెట్టు. అది చేతిలో ఉంటే మనిషిని చూడకుండానే కుట్టేయొచ్చు. చాలామందిని నేను చూడకుండానే కుట్టాను.

ఆ రోజు మధ్యాహ్నం రత్నమ్మ వచ్చింది. బస్సు కండక్టరు. ఖాకీ చొక్కా మీదే ఉంది, భుజాన టికెట్ల సంచి. వెంట ఆమె మొగుని అక్క సరోజమ్మ. రత్నమ్మ సంచిలోంచి చిలకపచ్చ పట్టుచీర తీసి మిషను మీద పరిచింది. రాణి రంగు అంచు. వచ్చే ఆదివారం ఆమె బిడ్డ శిరీష నిశ్చితార్థమట.

"ఆది ఇయ్యమ్మా" అన్నాను.

"లేదక్కా. ఇంట్లో ఉండేవన్నీ పాత ఒంటివి. ఈ ఒంటికి ఇంకా ఒక్కటీ కుట్టియ్యలేదు."

నాకు అర్థం కాలేదు. ఆమె ఛాతీ కుడి పక్కన అరచెయ్యి పెట్టి చూపించింది. "ఈ పక్క తీసేసినారు. క్యాన్సరు. ఏడాదిన్నర అయింది."

"నయమైందా?"

"డ్యూటీ చేస్తాండా కదా, చూడ్లేదా?"

"మరి ఇన్నాళ్ళూ ఏమేసుకుంటాండావు?"

"ఇదే, ఈ చొక్కా. రెండు సైజులు పెద్దది. దీంట్లో ఎవురుండారో దేవునికే తెలియల్ల."

సరోజమ్మ నవ్వలేదు. రత్నమ్మ నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. "ఇను మస్తానక్కా. కుడి పక్క చదునుగా కుట్టు. ప్యాడ్ వద్దు. అట్లని సంచి మాదిరి వదులుగా కుట్టినావంటే ఊరుకోను. ఒంటికి అతుక్కోని నీటుగా ఉండల్ల."

ప్యాడ్ అంటే జాకెట్టు లోపల పెట్టి కుట్టే స్పాంజి గిన్నె. ఎందుకు వద్దని అడిగితే పడీపడీ నవ్వింది. "ఒకసారి పెట్టుకోని పోయినా. శింగనమల బస్సు, లోపల కాలు పెట్టను సందు లేదు. సంచి తాడు దాన్ని తోసీ తోసీ భుజం మీదికి ఎక్కించింది. ఒక ముసలాయన, 'ఏమమ్మా, భుజం వాచినట్లుండాది, యాడన్నా పడినావా?' అన్నాడు. ఆడనే తీసి కిటికీలోంచి పారేసినా."

తెర వెనక కొలతలు తీసుకున్నాను. పమిట ఎడమ భుజం మీద పడుతుంది కాబట్టి ఎడమ పక్క అయితే ఎవరికీ తెలిసేది కాదు. తీసేసింది కుడి పక్క. చీర కట్టినప్పుడు అందరికీ కనిపించే పక్క. ఆపరేషను వల్ల కుడి చెయ్యి కూడా కొద్దిగా వాచి ఉంది. అన్నీ రెండు వరుసల్లో రాసుకున్నాను. బస్సు టైమైందని ఆమె పరుగెత్తింది.

కాసేపటికి సరోజమ్మ ఒక్కతే వెనక్కి వచ్చింది.

"అక్కా, దానికి రోషమెక్కువ. నువ్వు ప్యాడ్ పెట్టే కుట్టు. తొడుక్కున్నాక విప్పే టైమెక్కడిది?"

"ఆమె వద్దన్నాది కదా?"

"మగపిల్లోనోళ్ళు రాప్తాడు నుంచి వస్తాండారు. వాళ్ళకు ఈ సంగతి తెలీదు. తల్లికుంటే బిడ్డకూ వస్తాదంటారు. ఆడనే లేచిపోతే? శిరీష మొగం చూసి చెయ్యి."

నేను ఒప్పుకున్నాను. వంకరగా రాయడం నాకు రాదు, కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. బిడ్డ కోసం అని పైకి అనుకున్నానే గానీ, అసలు కారణం అది కాదు. ఒక భుజం దిగి ఉంటే గుడ్డ సర్ది సమం చేస్తాం. వీపు వంగి ఉంటే కోతలో దాచేస్తాం. దాచడమే పనితనం అని అన్నేళ్ళూ నమ్మాను. నా చేతి జాకెట్టు వేసుకుని ఒక ఆడది ఒక పక్క చదునుగా నిలబడితే, జనం నా కోత తప్పిందనుకుంటారని భయపడ్డాను.

పైగా మా పనిలో గుడ్డను నిలువుగా మడిచి రెండు ముందు భాగాలనూ ఒకే కోతలో కోస్తాం. కత్తెరకు అదే అలవాటు. మడిచాను, కోశాను. రెండు పక్కలా డార్ట్ వేశాను. ఛాతీ దగ్గర గుండ్రంగా రావడానికి గుడ్డను చిటికెడు మడిచి వేసే కుట్టును డార్ట్ అంటారు. కుడి పక్క లోపల మెత్తని ప్యాడ్ పెట్టి లైనింగు మూసేశాను. రెండు వరుసల్లో రాసుకున్న కొలతల వైపు చూడనే లేదు.

శనివారం సాయంత్రం నాలుగింటికి రత్నమ్మ, శిరీష వచ్చారు. శిరీష రక్తపరీక్షల ల్యాబులో పని చేసే పిల్ల. రత్నమ్మ జాకెట్టు తీసుకుని తెర వెనక్కి పోయింది. లోపల్నుంచి గొంతు వచ్చింది.

"మస్తానక్కా, ఇదెవురిదక్కా?"

"నీదే."

"నాది కాదు. నాది యాడ పారేసినారో ఆసుపత్రోళ్ళకే తెలియల్ల."

బయటికి వచ్చింది, ఖాకీ చొక్కాతో. నా కత్తెరే తీసుకుని లైనింగు చీల్చి, ప్యాడ్ పీకి మిషను మీద పెట్టింది. "ఎవురు చెప్పినారు పెట్టమని?"

"మీ వదిన."

"గుడ్డ ఎవురిచ్చినారు? ఒళ్ళెవురిది?"

నాకూ కోపం వచ్చింది. "నీ బిడ్డ మంచికే చేసినా! రేపు వాళ్ళు చూసి లేచిపోతే ఏం చేస్తావు? నీ పంతానికి ఆ పిల్లను బలిస్తావా?"

అంతసేపూ నిలబడే ఉన్న రత్నమ్మ ఆ మాటతో స్టూలు మీద కూర్చుంది. బిడ్డ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు శిరీ. నీకు భయముంటే పెట్టుకుంటా. ఒక పూటే కదా, ఓర్చుకుంటా."

శిరీష ప్యాడ్‌ను చేతిలోకి తీసుకుని నొక్కి చూసింది. "ఒక పూట కాదుమా. రేపు దాస్తే పెండ్లిలో దాచల్ల. ఆ తర్వాత వాళ్ళింటికి నువ్వు వచ్చినప్పుడల్లా దాచల్ల. రేపొద్దున నాకే ఒక గడ్డ కనపడితే, అదీ దాచుకోని కూచోవల్ల. దాచుకోని బతికే ఇల్లు నాకొద్దు."

"ఆ అబ్బాయికి తెలుసా?" అన్నాను.

"మొన్ననే చెప్పినా. నాకేం అడ్డం లేదన్నాడు. వాళ్ళమ్మకు చెప్పేదానికి మాత్రం భయపడతాండాడు." తర్వాత తల్లితో అంది. "నువ్వు దీన్ని పెట్టుకోని వస్తే నేను పీట మీద కూచోను. చెప్తాండా."

జాకెట్టు మొత్తం విప్పేశాను. పెద్దగా కోసిన గుడ్డను చిన్నది చేయొచ్చు, అదొక్కటే నా అదృష్టం. ఈసారి మడవలేదు. కుడి ముక్కను ఒంటరిగా పరిచి, రత్నమ్మ ఒంటి మీదే పెట్టి గుర్తులు వేసుకున్నాను. డార్ట్ తీసేశాను. ఒక పక్క తగ్గితే హుక్సు పట్టీ ఆ పక్కకే లాగుతుంది. అందుకే దాన్ని ఛాతీ మధ్య ఎముక మీద నిలిపి కుట్టాను. ఆపరేషను మచ్చకు కుట్టు ఒరుసుకోకుండా లోపలి మడతల మీద మెత్తని మల్లు గుడ్డ వేశాను. కుడి చేతికి అర అంగుళం వదిలాను. అన్నేళ్ళలో అంత కష్టమైన జాకెట్టు కుట్టలేదు. రత్నమ్మ తొడుక్కుని చేతులు పైకెత్తింది, వంగింది, టికెట్లు కొట్టినట్టు ఒక పక్కకు తిరిగింది. ఎక్కడా ముడత లేదు.

"ఇదీ నాది" అంది. "రేపు నువ్వూ రావల్ల."

వెళ్ళాను. కల్యాణ మండపంలో రత్నమ్మ పమిటను సన్నని కుచ్చులు పెట్టి ఎడమ భుజానికి పిన్ను పెట్టుకుంది. కుడి పక్కంతా బయటే. సరోజమ్మ శాలువా తెచ్చి కప్పబోతే, "ఈ ఎండలోనా వదినా? నువ్వే కప్పుకో" అంది.

రాప్తాడు వాళ్ళు దిగారు. పెళ్ళికొడుకు తల్లి పన్నీరు చల్లించుకుంటూ చూసింది. మళ్ళీ చూసింది. ఆమె కూడా దాపరికం లేని మనిషే. "ఏమమ్మా, ఆ పక్క..." అని అడిగేసింది.

"క్యాన్సరొచ్చింది, తీసేసినారు. ఇప్పుడు బాగుండా" అంది రత్నమ్మ, తర్వాతి స్టాపు పేరు చెప్పినంత మామూలుగా.

పెళ్ళికొడుకు పెదనాన్న, "ముందే చెప్పుండాల్సింది" అంటూ తినకుండానే కారెక్కాడు. వాళ్ళ ఆడవాళ్ళు ఒక మూలకు చేరారు. అర్ధగంట తాంబూలాల పళ్ళెం ముట్టినవాళ్ళు లేరు. సరోజమ్మ నన్ను చంపేసేట్టు చూసింది. శిరీష పీట మీద తలెత్తి కూర్చుంది. రత్నమ్మ వచ్చినవాళ్ళకు మజ్జిగ అందిస్తూనే ఉంది.

చివరికి పెళ్ళికొడుకు తల్లి వచ్చింది. "పిల్లకు ఏటా పరీక్ష చేయించల్లంట కదా?"

"నేను చేయిస్తాండా. రేపట్నుంచి మీరు చేయించల్ల."

"మా బావ అన్నదాంట్లోనూ తప్పు లేదు. ముందే చెప్పింటే బాగుండు."

"చెప్పేదానికే వచ్చినాను కదమ్మా! తాంబూలాలు ముందరే ఉండాయి, ఇంకా మార్చుకోలేదు. చూసి తీసుకుంటారా, చూసి పోతారా, మీ ఇష్టం. చూడకుండా మాత్రం నా బిడ్డను తీసుకోవద్దండి."

ఆమె తాంబూలాల పళ్ళెం తనే ఎత్తి రత్నమ్మ ముందు పట్టింది.

ఆ తర్వాత ఇలాంటి ఆడవాళ్ళు నా అంగడికి వస్తూనే ఉన్నారు. ఒకామె ప్యాడ్ కావాలంటుంది, చక్కగా పెడతాను. ఆమె ఒళ్ళు, ఆమె ఇష్టం. ఇంకొకామె వద్దంటుంది, పెట్టను. తోడు వచ్చినవాళ్ళు చాటుగా వెనక్కి వచ్చి నా చెవిలో ఏదో చెప్పబోతే, కుట్టు ఆపి వీధిలోకి వినపడేట్టు అడుగుతాను: "జాకెట్టు ఎవురు తొడుక్కునేది, నువ్వా ఆమెనా?"