పసుపు కింద రెండు అక్షరాలు

మొన్న సాయంత్రం దీపం పెట్టి లేచేసరికి ఫోన్‌లోకి ఒక పెళ్లిపిలుపు వచ్చింది. వరుడి పేరుకు ముందు డాక్టర్ అనీ, వెనుక పీహెచ్‌డీ అనీ రెండువైపులా బంగారు రంగులో మెరుస్తుంటే నాకు నవ్వు ఆగలేదు. ముందు ఉంటే వెనుక అక్కరలేదు, రెండూ పెడితే ఒకే తలకు రెండు తలపాగాలు చుట్టినట్టే అని మా అన్నయ్య నేర్పిన పాఠం గుర్తొచ్చి, పూజ అలమరలో దాచుకున్న ఆయన పెళ్లికార్డు బయటికి తీశాను.

చిన్ననాటి జబ్బు వల్ల నేను బడి మెట్లు ఎక్కలేదు. చిక్కడపల్లిలో మా కిరాయి ఇంటి వంటగది గడప మీద కూర్చోబెట్టి తెలుగూ ఇంగ్లీషూ నాకు నేర్పింది అన్నయ్యే. ఆ రుణం ఈ జన్మకు తీరేది కాదు. తొంభైల నడుమ ఆయన పరిశోధన ముగించి సిద్ధాంత గ్రంథం సమర్పించిన రోజుల్లోనే పెళ్లి కుదిరింది. పండితులు ఎదుట కూర్చోబెట్టి ప్రశ్నలడిగే ఆఖరి పరీక్ష, వైవా, పెళ్లికి సరిగ్గా మూడు రోజుల ముందు పడింది. ఇక మా ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. నారాయణగూడలో చీరలు బేరమాడుతున్నా అమ్మ పెదవులు స్తోత్రం చదువుతూనే ఉండేవి.

నాన్న లేని మాకు పెద్దదిక్కు పెదనాన్న. పెళ్లి రెండు వారాలుందనగా అశోక్‌నగర్ నుంచి స్కూటర్ మీద కార్డుల కట్టలు తెచ్చి, ఆత్రంగా ఒకటి విప్పి నన్నే చదవమన్నాడు. అన్నయ్య పేరుకు ముందు ఇంగ్లీషులో డి, ఆర్, పక్కన చుక్క! ప్రెస్సులో పెదనాన్నే చెప్పి చేర్పించాడట. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అన్నయ్య మొహం మాత్రం మాడిపోయింది.

"ఇంకా పరీక్షే కాలే పెదనాన్నా. నాది కానిది పేరుకు ముందల ఎట్ల పెట్టుకుంట?"

"ఎట్లయినా అయితది గద రా! జర ముందుగాల ఏయించిన, గంతే. దీనికింత పరేషాన్ ఏంది?"

"మొదటి కార్డు దేవుని ముందర పెడ్తరు. ఆడ గూడ అబద్ధమేనా?"

పెద్దలు విని, పరీక్షించి, ఒప్పుకున్న తరువాతే ఆ రెండు అక్షరాలు మనవవుతాయని, అంతదాకా వాటిని తాకకూడదని, ఈ కార్డు తన ప్రొఫెసర్ గారి చేతిలో ఎలా పెట్టగలనని, ఒక్కటి కూడా పంచనివ్వనని అన్నయ్య పట్టుబట్టాడు. మళ్లీ అచ్చు వేయించే వ్యవధి లేదు. అంత ముచ్చటపడి తెచ్చిన పెదనాన్న తల వంచుకుని కూర్చున్నాడు, అమ్మ కళ్లు నిండాయి.

కార్డుల మూలలకు పెట్టడానికి అమ్మ కలిపిన పసుపు గిన్నె నా ముందే ఉంది. ఆ స్వామే చేయించాడనుకుంటాను, దాంట్లో ఇంకాస్త పొడి వేసి గట్టిగా కలిపి, నాలుగు మూలలూ అయ్యాక ఐదో బొట్టు ఆ రెండు అక్షరాల మీద పెట్టి, పైన కుంకుమ అద్దాను. అక్షరాలు కనిపిస్తాయేమోనని అన్నయ్య కార్డును ఎండకెత్తి చూశాడు. పకపకా నవ్వేశాడు.

"బడికి వోతే గీ తెలివి వచ్చునా చెల్లె!"

పెదనాన్న కూడా చొక్కా చేతులు మడిచి బొట్లు పెట్టడానికి నా పక్కన కూర్చున్నాడు. మొదటి కార్డు ఐదు బొట్లతో వేంకటేశ్వరస్వామి పాదాల దగ్గరికి, రెండోది ప్రొఫెసర్ గారికి వెళ్లాయి.

వైవా రోజు అమ్మ మంచినీళ్లు కూడా ముట్టలేదు. మధ్యాహ్నం దాటాక, అన్నయ్యతో వెళ్లిన పెదనాన్న వీధి మొదట్లో నుంచే కేకలు: "అయిపాయె! డాక్టర్ సాబ్ వస్తుండు!" నేను దీపం ముందు నుంచి వాకిట్లోకి ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. పరీక్ష ముగిశాక ప్రొఫెసర్ గారు తన కార్డు తీసి, ఐదో బొట్టును గోటితో మెల్లగా గీకి, ఇక దీన్ని దాచనక్కరలేదు అన్నారట. కాచిగూడ చుట్టాలకు ఇవ్వాల్సిన కార్డులు కొన్ని మిగిలి ఉంటే, వాటి మీది బొట్లు అమ్మ ఏడుస్తూ నవ్వుతూ తానే గీకింది.

గీకకుండా నేను దాచుకున్నది ఈ ఒక్కటే. ఇన్నేళ్లలో పసుపు దానంతటదే రాలిపోయి, లేత మరక కింద ఆ రెండు అక్షరాలు ఇప్పుడు హాయిగా కనిపిస్తున్నాయి. మొన్నటి పిలుపు ఫోన్‌లో మళ్లీ తెరిచాను. దానికీ నాలుగు మూలలున్నాయి, వరుడి పేరు వెనుక ఐదో బొట్టుకు చోటూ ఉంది. చెయ్యి అలవాటుగా పసుపు భరిణె వైపు వెళ్లి, ఆగింది.