గట్టువార దొరికిన రాగిముక్క

నా మొదటి బిడ్డ చంకనెక్కే వయసులోనే జ్వరం వచ్చి పోయాడు. వాణ్ణి ఎక్కడ పూడ్చారో నాకు చెప్పలేదు. మా వైపు తల్లికి చెప్పరు. చోటు తెలిస్తే పోయి అక్కడే కూర్చుంటుందని, కడుపు మళ్లీ పండదని అంటారు. నవమాసాలు మోసినదానికి ఆ మాత్రం తెలుసుకునే హక్కు లేదా అని అత్తను నిలదీశాను. తనకూ ఇద్దరు పోయారనీ, తనకూ ఎవరూ చెప్పలేదనీ ఆమె అంది. ఇంక ఏమడుగుతాను? మా ఆయన మటుకు ఒకసారి, వంక అవతల అన్నాడు. ఆ వాగు అవతల ఎంత నేల ఉందో మా ఊరు చూసినవాళ్లకు తెలుసు.

ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి. పత్తికొండ చుట్టుపక్కల గొడ్లను అమ్ముకోని ఇల్లు లేదు. మా ఆయన తుంగభద్ర కట్ట పనికి పోయాడు. నేనూ అత్తా గంజి కేంద్రం ముందు ముంతలు పట్టుకుని నిలబడేవాళ్లం. విత్తనానికి దాచిన కొర్రలు కూడా తినేశాం. ఇక వాన పడినా చేనులో చల్లడానికి ఏమీ లేదు. ఏదో ఒకటి దొరక్కపోతే చేను అమ్ముకోవలసిందే.

వాన పడనే పడింది. మా నేలల్లో తొలకరి పడగానే జనం రాళ్లు వెతుకుతారు. ఎర్రమన్ను కొట్టుకుపోయి వజ్రం బయటపడుతుందని ఆశ. పొద్దుకు ఎదురుగా నడుం వంచి, మెల్లగా అడుగులేస్తూ పోతారు. అది ఎవరి చేను అన్న లెక్క ఆ నాలుగు రోజులూ ఉండదు. మా అత్త మాత్రం నన్ను మా చేను దాటనివ్వలేదు. దొరికితే మన మన్నులోనే దొరకాలని ఆమె పట్టు.

గట్టువార, తుమ్మచెట్టు ఉండిన చోట, నాకు చిన్న లోహపు ముక్క కనిపించింది. ఆ చెట్టును మేమే కరువులో పొయ్యికి కొట్టేశాం. ముక్క చిక్కుడు గింజంత ఉంది. పచ్చగా చిలుము పట్టి, ఒక పక్క నొక్కుకుపోయి, పైన మన్ను గట్టిపడి ఉంది. అత్త దాన్ని నాలుకతో తాకి చూసింది. రాయి మీద వేసి చప్పుడు విన్నది. పాతకాలపు రాజుల సొమ్ములో విరిగిన ముక్క అని తేల్చింది.

"ఇది ఒగటే ఉండదు మే. ఈడనే కుండ ఉంటాది," అంది.

నాకూ ఆశ పుట్టింది. ఇంటికి పోయి గడ్డపార తెచ్చి ఒళ్లు తెలియకుండా తవ్వాను. గంజి మీద బతికిన చేతుల్లోకి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో. సున్నపురాళ్లలాంటి సన్నటి తెల్లముక్కలు కొన్ని తగిలాయి. విసుక్కుని, మన్నుతో సహా తట్టకెత్తి గట్టవతల పారబోశాను. చివికిపోయిన గుడ్డ పేలిక కూడా వచ్చింది. కుండ మూతికి కట్టిన గుడ్డ అని అత్త సంబరపడి, ఇంకా లోతుకు తవ్వమంది. కుండ రాలేదు.

సాయంత్రం అత్త ఆ ముక్కకు చింతపండు, బూడిద పట్టించి తోమింది. బంగారమేమోనని నేను పక్కనే కూర్చున్నాను. ఎర్రటి రాగి బయటపడింది. అది సన్నటి గొట్టం. ఒక కొసన లక్క, ఆ లక్క మీద గోరు నొక్కిన గుర్తు. అత్త తన బొటనవేలి గోరు ఆ గుర్తులో ఆనించి చూసింది. సరిగ్గా పట్టింది.

బిడ్డకు బొడ్డు ఊడినప్పుడు, ఆ ఎండిన ముక్కను రాగి తాయెత్తులో పెట్టి లక్కతో మూసి మొలతాడుకు కట్టింది ఆమే. పూడ్చేముందు మొలతాడు తెంపేస్తారు. తెంపి వంకలో వేశానని మా ఆయన మాతో చెప్పి ఉన్నాడు. అందుకే మాకు ఆ ఆలోచనే రాలేదు.

"మన పిల్లోనిదే," అంది అత్త.

చేనికి పరుగెత్తాను. దారిలోనే మళ్లీ వాన అందుకుంది. నేను పోయేసరికి గట్టవతల ఎర్రనీళ్లు కాలువ కట్టి పారుతున్నాయి. పారబోసిన మన్ను ఆనవాలు కూడా లేదు. ఆ వాన కోసం ఎన్ని మొక్కులు మొక్కానో, అన్ని తిట్లూ దాన్నే తిట్టాను.

కొన్నాళ్లకు మా ఆయన వచ్చాడు. తాయెత్తు ఆయన అరచేతిలో పెట్టాను.

"మొలతాడు తెంపబుద్ది కాల్యా," అన్నాడు. "వంక కాడ నక్కలు తిరుగుతాంటాయని మన చేన్లోనే పెట్టినా. నా తుండుగుడ్డ చుట్టి పెట్టినా. చెట్టు గుర్తుంటాది, నీకు ఎప్పుడన్నా చెప్పొచ్చులే అనుకుంటి."

ఆ గుంత ఎవరు తవ్వారని ఆయన అడగలేదు. ఇంటికి వచ్చేముందే చేను చూసి వచ్చాడు.

చేను ఆ ఏడే అమ్మేశాం. అయినా తొలకరి పడినప్పుడల్లా జనంతో పాటు నేనూ పోయి ఆ గట్టవతల నడుం వంచేదాన్ని. ఏమన్నా దొరికిందా అని దారిన పోయేవాళ్లు అడిగేవారు. లేదని చెప్పేదాన్ని.