పళ్లెంలో దిగిన కామెర్లు

మీ ఇంట్లో ఒక మనిషి కళ్లు పచ్చబడితే మీరు రోజూ చూసేది ఆ మనిషి మొహమా, పళ్లెంలో నీళ్లా?

తొంభైల చివర్లో మా చెల్లెలికి కామెర్లు వచ్చాయి. అప్పుడామెకు ఏడో నెల. అత్తగారి ఊరు మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య. ద్రాక్షతోట ఉన్న ఇల్లు. కబురు అంది అల్వాల్ నుంచి స్కూటర్ మీద నేను వెళ్లేసరికే వాళ్లత్త ఆమెను కామెర్లు దించే ఆయన దగ్గరికి తిప్పుతోంది.

మరునాడు పరగడుపున నేనూ వాళ్లతో వెళ్లాను. ఆయన తన అరచేతులతో చెల్లెలి మోచేతుల నుంచి వేళ్ల దాకా నిమిరి, పళ్లెంలో సున్నపు తేటతో ఆ చేతులు కడిగాడు. నీళ్లు పసుపు కలిపినట్టు పచ్చబడ్డాయి.

"సూస్తిరా, ఎట్ల దిగుతాందో! నిన్నటికంటె తక్కువనే ఉన్నది. సూది మాత్రం పడొద్దు. సూది తగిల్తె మందు ఇరుగుతది."

ఈ విద్య ఎక్కడిదని అడిగాను. వాళ్ల తాత గొర్రెలు మేపుతుంటే ఒక సాధువు చెవిలో చెప్పాడట. ఆ సాధువును నేను చాలా ఊళ్లలో కలిశాను. ఒకచోట తేలు మంత్రం చెప్పాడు, ఒకచోట కుక్కకాటు పసరు. ఈ వైద్యానికి అసలు గురువు మాత్రం సాధువు కాడు, కామెర్లే. చాలామందిలో అవి వాటంతటవే తగ్గుతాయి. తగ్గే రోజుల్లో ఎవరు పక్కన కూర్చుంటే పేరు వాళ్లది. వేపాకునో శొంఠినో నేను ఎగతాళి చేయను. పరీక్షకు నిలబడేది ఏదైనా మందే. కానీ కడుపుతో ఉన్న మనిషిలో కొన్ని కామెర్లు లివరునే కూల్చేస్తాయని చదివి ఉన్నాను. నా భయమంతా అదే.

చేతులకు మామిడి బెరడు రసం పూసి సున్నపు నీళ్లతో కడిగితే ఎవరి చేతులైనా పచ్చ దింపుతాయి. మూఢనమ్మకాల గుట్టు విప్పే మా సంఘం ప్రదర్శనల్లో ఇది పాత పాఠం. వాళ్ల వాకిట్లోనే చేసి చూపించాను.

"అత్తమ్మా, ఇటు సూడు. నాకేం రోగం లేదు గద?"

నీళ్లు చక్కగా పచ్చబడ్డాయి. ఆమె పళ్లెంలోకి చూసింది, నా మొహంలోకి చూసింది.

"అయ్యో కొడుకా, నీక్గూడ వచ్చినయా! రేపు చెల్లెతోని నువ్వు గూడ రా. గా చాయ తాగుడు బంద్ జెయ్యి."

చెల్లెలి భర్త, మా బావ, పగలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. మంచం మీద చెల్లెలు నవ్వలేదు. పట్టపగలు నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

ఆసుపత్రికి తీసుకుపోదాం రమ్మని బావను పక్కకు పిలిచి బతిమాలాను.

"అమ్మ వద్దంటాంది బావా. సూది పడితె చేసిందంత ఖరాబయితదట. నీళ్లు తెల్లగైతున్నయ్ గద, జర ఆగు."

నిజమే. ఆయన అరచేతికి రసం తగ్గించేకొద్దీ పళ్లెంలో నీళ్లు రోజురోజుకూ తెల్లబడ్డాయి. ఆమె నిద్ర రోజురోజుకూ పెరిగింది.

తర్వాత నేను వెళ్లిన రోజు ఆమె లేచి కూర్చుని జడ వేసుకుంటోంది. సగంలో ఆగి, చేతిలోని పాయను అదేమిటో తెలియనట్టు చూసింది. నన్ను చూసి, "బాపూ, ఎప్పుడొచ్చినవ్?" అంది.

మా నాన్న ఆమె పెళ్లికి ముందే చనిపోయాడు.

లివరు దెబ్బతిని విషం మెదడుకు ఎక్కుతోంది. వాళ్లత్త రెండడుగులు వెనక్కి వేసింది. "మీ బాపు వచ్చిండే ఈమె మీదికి! ఇగ గీ మందుతోని కాదు. మేడ్చల్ల గాలి తీసేటాయన ఉన్నడు. జీపు పిల్వుండ్రి, జల్దీ!"

ఏళ్ల తరబడి నేర్చిన వాదాలన్నీ నోటిదాకా వచ్చాయి. వాటికి సమయం లేదు.

"ఇప్పుడే వచ్చిన బిడ్డా," అన్నాను. "లే, పోదాం."

చెల్లెలు బుద్ధిగా లేచింది. అత్త కేకేసింది. "ఏయ్, ఎవలు మాట్లాడుతున్నరు? నువ్వా, మీ బాపా?"

"అడ్డం రాకు," అన్నాను. ఆమె గోడకు అంటుకుపోయింది. దయ్యాలు లేవని వేదికల మీద గొంతు చించుకున్నవాణ్ని, ఆ వాకిట్లో దయ్యమయ్యాను. అందుకు నాకు ఇప్పటికీ సిగ్గు లేదు.

బావ జీపు తీసుకొచ్చాడు. తూముకుంట దాటాం, బొల్లారం దాటాం. దారి పొడుగునా నా భుజం మీద తల వాల్చి, "బాపూ, తోటకు నీళ్లు పెట్టినవా?" అని అడుగుతూనే ఉంది. "పెట్టిన బిడ్డా" అంటూనే ఉన్నాను. ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య మౌనం పెరుగుతుంటే, మళ్లీ అడగదేమోనని ఆమె మొహంలోకి వంగి చూసేవాణ్ని. సికింద్రాబాద్ చేరేసరికి అడగడం మానేసింది.

డాక్టరమ్మ కనురెప్ప ఎత్తి చూసి, "ఇన్నాళ్లు ఏం చేశారు?" అంది. కడుపులో బిడ్డ దక్కలేదు. చెల్లెలు చాలా రోజులు అటో ఇటో అన్నట్టుండి బతికింది.

కానీ ఊళ్లో తీర్పు వేరు. సాధువు మందు తల్లిని నిలబెట్టిందట, సూది పడబట్టి బిడ్డ పోయిందట. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన చెల్లెలి ముందే ఆ మాట అన్నారు. ఆమె లోపలికి వెళ్లి తలుపేసుకుంది. మరుసటి ఎండాకాలం అదే వీధిలో ఇంకొక కోడలు, నిండు నెలల మనిషి, పచ్చటి కళ్లతో ఆ పళ్లెం ముందు కూర్చుందని తెలిసి నేను స్కూటర్ తీసి పరుగెత్తాను.

మీ వీధిలోనూ అలాంటి మనిషి ఉండవచ్చు. కడుపుతో ఉన్న ఆమె కళ్లు పచ్చబడ్డాయని తెలిస్తే, ఆమె పెద్దలతో వాదించి గెలుద్దామని కూర్చోకండి. వాళ్లు ఏ మాట వింటే ఆ మాటే చెప్పండి. లేవండి, ఆమెను ఇవాళే ఆసుపత్రికి తీసుకుపోండి.