ఆదివారం ఒడ్డు కాపలా

ఉప్పుటేటిపాళెం సర్పంచి గురవమ్మకు ఈత రాదు. సముద్రం పక్కనే పుట్టి, సముద్రం పక్కనే యాభై రెండేళ్లు బతికిన మనిషికి ఈత రాదంటే నెల్లూరు వాళ్లు నవ్వుతారు గానీ, పాళెంలో ఆడవాళ్లెవరికీ రాదు. మగవాళ్లు పడవెక్కుతారు, ఆడవాళ్లు గంప ఎత్తుతారు. అక్కడ పనులు అలా పంచుకున్నారు. గురవమ్మ ముప్పై ఏళ్లు గంప నెత్తిన పెట్టుకుని తోటపల్లి గూడూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ కాళ్లతో కొలిచింది. ఆమె వీధి మొదట్లో కేకేస్తే వీధి చివర పిల్లులు లేచి కూర్చునేవని ఆమె మొగుడు గంగులయ్య ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంటాడు.

పాళెంలో అసలు పెత్తనం కాపులది. కాపులంటే ఇక్కడ కులం కాదు, ఊరి కట్టుబాట్లు చూసే నలుగురు పెద్దమనుషులు. పంచాయతీ ఆడవాళ్లకు రిజర్వు అయిన ఏడు ఆ నలుగురూ రామమందిరం అరుగు మీద కూర్చుని, ఎవరిని నిలబెడదామా అని తలలు గోక్కున్నారు. చివరికి పెద్దకాపు సోమయ్య, "గురవమ్మకు గొంతు పెద్దదే గానీ మన మాట దాటదు" అని తేల్చాడు. పోటీ లేకుండానే ఆమె సర్పంచి అయిపోయింది. మొదటి ఏడాదంతా చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. పెట్టమన్న వాళ్లకే విసుగొచ్చేంత నిదానంగా, ఒక్కో అక్షరాన్నీ దిద్దినట్టు పెట్టేది.

రెండో ఏడు ఆమెకు పని రుచి తెలిసింది. పాళెంలో ముసలమ్మలకు చేపలు తోమీ తోమీ వేళ్ల గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర మిషను వాళ్లను మనుషులుగానే గుర్తించేది కాదు, పింఛను ఆగిపోయేది. కంటిని చూసి పోల్చుకునే మిషను తెప్పించేదాకా గురవమ్మ మండలాఫీసు మెట్ల మీద నుంచి కదల్లేదు. ఆ తర్వాత ప్రతి శనివారం పొద్దున పంచాయతీ ఆఫీసు ముందు బల్ల వేసుకుని కూర్చోవడం అలవాటు చేసుకుంది. కుళాయి రాలేదనేవాళ్లు, లైటు వెలగలేదనేవాళ్లు, మొగుడు మాట వినలేదనేవాళ్లు, అందరూ ఆ బల్ల దగ్గరికే వచ్చేవాళ్లు. కాగితాలు రాసిపెట్టేది పక్కింటి స్వర్ణ. ఇంటర్ దాకా చదివి, ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ కుట్టుమిషను తొక్కే మనిషి. మొగుళ్ల సంగతి మాత్రం రాయనని ఆమె ముందే చెప్పేసింది.

పోయిన కార్తీక మాసంలో జరిగింది మాత్రం ఏ కాగితంలోనూ రాయదగ్గది కాదు. సెలవు రోజుల్లో నెల్లూరు నుంచి జనం సముద్ర స్నానాలకని వస్తారు. పాళెం దగ్గర ఏరు సముద్రంలో కలిసే ఏటి మొగలో అడుగున ఇసుక రోజుకో పక్కకు జరుగుతుంది. నిన్న మోకాలు మునిగినచోట ఇవాళ మనిషి మునుగుతాడు. ఆ సంగతి పాళెం వాళ్లకు తెలుసు, స్నానానికొచ్చే వాళ్లకు తెలియదు. చెప్పడానికి పెట్టిన బోర్డును ఉప్పుగాలి ఎప్పుడో తినేసింది. ఆ ఆదివారం కాలేజీ కుర్రాడొకడు అక్కడే పోయాడు. పాళెం మగవాళ్లు కొందరు వేటలో ఉన్నారు, కొందరు ఇళ్లలో నిద్రపోతున్నారు. కబురు తెలిసి పరిగెత్తేసరికి అయిపోయింది. ఆ కుర్రాడి తల్లి సాయంత్రం దాకా ఇసుకలో గురవమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. ఒక్కటే అడిగింది, "ఇంతమంది ఈతగాళ్లున్న ఊరు గదమ్మా, ఒక్కరు కూడా చూడలేదా?" అని.

ఆ ప్రశ్న గురవమ్మను వదల్లేదు. అన్నం ముందు కూర్చున్నా అదే, గంప దించుకున్నా అదే. ఏడాది తిరిగి మళ్లీ కార్తీకం వస్తుంటే ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఆదివారాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొందరు ఒడ్డున కూర్చుని కనిపెట్టుకుని ఉంటే చాలు. తాడు, గాలి నింపిన లారీ ట్యూబులు తను సమకూరుస్తుంది. కూలి ఉండదు, ఇష్టమైన వాళ్లే రావాలి. ఈ మాట శనివారం బల్ల దగ్గర చెబితే మొట్టమొదట లేచింది ముఖేష్. ముప్పై ఏళ్లవాడు, ఈతలో వాడి తర్వాతే ఎవరైనా, కోపంలోనూ అంతే.

"వాళ్లు తాగి సీసాలు పగలగొట్టి పోతారు, మా కాళ్లు తెగతాయి. మళ్లా వాళ్లకు మేం కాపలా కాయాల్నా అత్తా?" అన్నాడు.

"ఇష్టం లేకుంటే రావద్దులేరా. నిన్నెవురన్నా పిల్చినారా?" అంది గురవమ్మ. పిలిచిందే వాడి కోసమని ఇద్దరికీ తెలుసు.

ఊరందరికీ తెలియాలని, ఆ సాయంత్రమే చాటింపు వేయమని దావీదుకు చెప్పింది. తప్పు అక్కడ జరిగింది. దావీదు పక్క కాలనీ మనిషి. పాతికేళ్లుగా పాళెంలో డప్పు వేసేది అతనే, అదీ కాపులు చెబితేనే. కాపులు చాటింపు వేయించారంటే అది దురాయి. అంటే ఊరి కట్టడి. ఆ రోజు ఏ పడవా నీళ్లలో దిగకూడదు, ఇంటికొకరు చెప్పినచోట నిలబడాలి, రాని ఇంటికి తప్పు వేసి డబ్బు కట్టిస్తారు. స్వర్ణ చీటీ మీద 'ఇష్టమున్నవారు' అని చక్కగానే రాసిచ్చింది. దావీదు చీటీ జేబులో పెట్టుకుని, డప్పు మీద దెబ్బ వేసి, ఎప్పటి అలవాటు కొద్దీ ముగించాడు: "పొద్దున ఆరింటికి ఒడ్డుకాడికి రావాలహో, ఇది దురాయహో, రాని ఇంటికి తప్పు వేస్తారహో!" తాడు, ట్యూబుల కోసం తోటపల్లి గూడూరు వెళ్లిన గురవమ్మా, స్వర్ణా ఆ చాటింపు వినలేదు.

ఆదివారం ఆరింటికి గురవమ్మ తాడు భుజాన వేసుకుని ఒడ్డుకు వెళ్లి, ఇసుకదిబ్బ మీదే ఆగిపోయింది. నూట నలభై ఇళ్ల నుంచి నూట నలభై మంది వరసగా నిలబడి ఉన్నారు. పడవలన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి. వారం రోజుల నుంచి కానాగంత చేపలు గుంపులు గుంపులుగా పడుతున్నాయి. ఇంత మంచి వేట వదులుకుని నిలబడ్డ వాళ్లలో ఒక్కడి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు. జ్వరంతో ఉన్న ఒకాయన దుప్పటి కప్పుకుని మరీ వచ్చాడు. ముఖేష్ ఆమె వైపు చూడకుండా సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

సంతోషంగా ఉన్నది పెద్దకాపు సోమయ్య ఒక్కడే. తను చాటించమనకపోయినా, తన కట్టడికి జనం ఇంకా వణుకుతున్నారని తెలిసి ఆయన మీసం కొంచెం పైకి లేచింది.

"చూసినావా గురవమ్మా! బతిమాలితే వచ్చే జనమా మే వీళ్లు? ఇట్నే ఉండనీ. వారానికి పది ఇళ్లని వంతులు వేస్తా. రానోడికి తప్పు వేస్తా. నీ పని నిక్షేపంగా జరిగిపోతాది."

గురవమ్మకు ఒక్క క్షణం ఆశ పుట్టిన మాట నిజం. ఔనంటే చాలు, ఇక ఏ ఆదివారమూ ఒడ్డు ఖాళీగా ఉండదు. కాదంటే ఒక్కడైనా వస్తాడన్న నమ్మకం లేదు. కానీ వరసలో మొహాలు చూసింది. భయపడి వచ్చినవాడు ఎండ చూసుకుంటాడు, పొద్దు చూసుకుంటాడు, ఇంటికెప్పుడు పోదామా అని చూసుకుంటాడు. నీళ్లలో మనిషిని చూడడు. ముప్పై ఏళ్లు చేపలు అమ్మిన మనిషికి మొహం చూస్తే మనసు తెలుస్తుంది.

"దురాయి లేదు, ఏం లేదు," అని గొంతెత్తింది. "పొరపాటు నాది. ముందుగా చెప్పుకోలేకపోయినా. మీ వేట చెడగొట్టినందుకు తిట్టుకోండి, పడతా. ఇప్పుడన్నా పోండి, దొరికినకాడికి దొరకతాయి. వచ్చే ఆదివారం మనసైనోళ్లు రండి. రాకపోతే ఎవురూ అడగరు."

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దురాయి వేసి, తీసేసిన మనిషిని వాళ్లు అంతకుముందు చూసి ఎరగరు. తర్వాత పడవల వైపు ఉరికారు. సోమయ్య మీసం దిగిపోయింది. "ఒక్కడు గూడా రాడు, చూస్తా ఉండు," అనేసి వెళ్లిపోయాడు. ఆ రోజు పొద్దుగూకే దాకా గురవమ్మా, స్వర్ణా ఇద్దరే ఇసుకలో కూర్చున్నారు. దేవుడి దయ, ఆ ఆదివారం ముసురు పట్టి స్నానాలకు పెద్దగా ఎవరూ రాలేదు.

ఆ వారమంతా గురవమ్మకు అదే దిగులు. "పని చెడగొట్టుకున్నానేమో," అని గంగులయ్య దగ్గర గొణిగింది.

"ఆదివారం నా పడవ కట్టేసి నేనొస్తాలే," అన్నాడు గంగులయ్య.

"నువ్వొద్దు. పెళ్లాం పోరు పడలేక వచ్చినాడంటారు. అదీ దురాయి లెక్కే," అంది.

రెండో ఆదివారం బాగా ఎండ కాసింది. తొమ్మిదింటికే కార్లు, ఆటోలు బారులు తీరాయి. పాళెం నుంచి ఒక్క ప్రాణి రాలేదు. స్వర్ణ పేర్లు రాయడానికి తెచ్చిన పుస్తకం ఒళ్లో తెరిచి పెట్టుకుని కూర్చుంది. గురవమ్మ చీర కుచ్చిళ్లు దోపి, మోకాటి లోతు దాకా దిగింది. అంతకు మించి దిగితే ఆమెనే ఎవరో ఒకరు లాగాలి. అక్కడి నుంచి గంపనాటి గొంతు విప్పింది. "ఓ నీలం చొక్కా! అటు పక్కకు పోవద్దు నాయనా! ఓ అమ్మాయ్, బిడ్డను ఎనక్కి తీసుకో! అది ఏటి మొగ, మింగేస్తాది!" నెల్లూరు జనం ఉలిక్కిపడి వెనక్కొచ్చారు. ఆ కేకలు సరుగుడు తోట దాటి పాళెం ఇళ్లలోకి వెళ్లాయి. ముసలి గొంతు ఒంటరిగా అలా గంటసేపు అరుస్తుంటే ఇంట్లో కూర్చుని వినడం ఎవరికైనా కష్టమే.

మొదట వచ్చినవాడు వల భుజాన వేసుకొచ్చాడు. "ఇంటికాడ నీడ ఎక్కువైంది, ఈడ ఆరేద్దామని," అన్నాడు. రెండోవాడు పడవ అడుగు చూసుకుందామని వచ్చాడు. ఇద్దరు ఆడవాళ్లు ఎండుచేపల పట్టలు తెచ్చి పరిచారు. పదకొండయ్యేసరికి పదమూడు మంది చేరారు. ప్రతి ఒక్కరికీ ఏదో ఒక సొంత పని ఉంది, ప్రతి ఒక్కరి కళ్లూ నీళ్ల మీదే ఉన్నాయి. స్వర్ణ పుస్తకం తీసుకుని లేచింది.

"పేరు రాయొద్దక్కా," అన్నాడు వలవాడు కంగారుగా. "రాసినావంటే రేపు రాకుంటే అడగతారు. మేం ఊరికే వచ్చినాం."

స్వర్ణ గురవమ్మ వైపు చూసింది. గురవమ్మ తల ఊపింది. స్వర్ణ పుస్తకం మూసేసింది.

ముఖేష్ అందరికన్నా చివర వచ్చాడు. సాకు కూడా చెప్పకుండా దూరంగా కూర్చున్నాడు. ఒంటిగంట దాటాక నీళ్లు వెనక్కి తీస్తున్నప్పుడు గురవమ్మకు ఏటి మొగ దగ్గర ఎర్ర చొక్కా ఒకటి కనిపించింది. ఒకసారి పైకి లేచింది, మళ్లీ లేవలేదు. ముప్పై ఏళ్లు పలికిన గొంతు ఆ ఒక్క క్షణం మూగబోయింది. చెయ్యి మాత్రం ఎత్తి చూపించింది. అప్పటికే ముఖేష్ ట్యూబు చంకన పెట్టుకుని నీళ్లలో ఉన్నాడు. వెనక తాడు పట్టుకుని ఆరుగురు నిలబడ్డారు. ఎర్ర చొక్కా కుర్రాణ్ని ఇసుక మీద బోర్లా పడుకోబెడితే నీళ్లు కక్కి, దగ్గి, "అమ్మా" అన్నాడు. వాడి తల్లి వాణ్ని రెండు దెబ్బలు వేసి, ఆ తర్వాత కౌగిలించుకుని ఏడ్చింది.

గురవమ్మ పక్కకు వెళ్లి కూర్చుని తనూ ఏడ్చింది. పోయిన ఏడాది తల్లికి ఈ జవాబు పనికిరాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా ఏడాదిగా గుండెల మీద కూర్చున్న బరువు కొంచెం జరిగింది. ముఖేష్ ఒళ్లు తుడుచుకుంటూ వచ్చి, "ఆ తాగిన సీసాలు మాత్రం వాళ్ల చేతే ఏరిస్తా అత్తా," అన్నాడు. అన్నట్టే ఏరించాడు.

మూడో ఆదివారం చిక్కొచ్చి పడింది. బిట్రగుంటలో గురవమ్మ కూతురి బిడ్డకు చెవులు కుట్టే ముహూర్తం. అమ్మమ్మ, తాత లేకుండా కుదరదు. పోతూ పోతూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే ఆజ్ఞ అవుతుందని ఆమె భయం. బిడ్డను ఒళ్లో పెట్టుకుందన్న మాటే గానీ మనసంతా ఒడ్డు మీదే ఉంది. స్వర్ణకు ఆరుసార్లు ఫోను చేసింది. ఒక్కసారి కూడా ఎత్తలేదు. భోజనాలు కాగానే, పాయసం తినిపోమ్మా అని కూతురు అంటున్నా వినకుండా గంగులయ్యను లేవదీసి రైలెక్కింది.

ఆటో దిగేసరికి నాలుగు దాటింది. ఇంటికి కూడా పోకుండా, మంచి చీరతోనే ఇసుకదిబ్బ ఎక్కింది. ఒడ్డంతా జనం. ఆ జనం మధ్య పాళెం వాళ్లు ఇరవై మంది దాకా అక్కడక్కడా నిలబడి ఉన్నారు. స్వర్ణ తాడు చుట్ట మీద కూర్చుని కళ్లు నీళ్ల మీద నుంచి తిప్పడం లేదు. ఏటి మొగ దగ్గర పంచె ఎగ్గట్టి, మోకాటి లోతులో నిలబడి, అచ్చం గురవమ్మ లాగానే అరుస్తున్నాడు పెద్దకాపు సోమయ్య. "ఓ కళ్లద్దాలు! నీకే చెప్తుండా, ఎనక్కి రా!"

ఆ కళ్లద్దాల మనిషి ఒడ్డుకొచ్చి, "ఎవరు పెట్టారండీ ఇక్కడ ఈ కాపలా? గవర్నమెంటా?" అని అడగడం గాలికి దిబ్బ మీదకు వినిపించింది.

"ఎవురూ పెట్టలా," అన్నాడు సోమయ్య. "మేమే పెట్టుకున్నాం."

గంగులయ్యకు ఉక్రోషం వచ్చింది. "విన్నావా ఆయన మాట? నీ పేరన్నా ఎత్తలేదే!"

గురవమ్మకు కాస్త చివుక్కుమనకపోలేదు. అంతకు పదింతలు సంతోషం వేసింది. కిందికి దిగి తను వచ్చానని చెప్పుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు.

"ఎత్తకపోతేనే మేలు," అంది చెంగుతో మొహం తుడుచుకుంటూ. "నా పేరుంటే ఈ కాపలా నేను పొయ్యేదాకే ఉంటాది. పద, ఇంటికి పోదాం, పాయసం గూడా తినకుండా వచ్చినాం."